తువ్వాల కింద ఖరారు

ఏమప్పా, నవ్వేది తర్వాత. ముందు కూర్చోండి. మొన్నటి నుంచి వీధంతా ఒకటే మాట. "నాగరాజన్నా, మీ ఇంట్లో పొట్టేలు యాల కట్టేసినావు? జాతరుందా? మొక్కుబడా?" జాతరా లేదు, మొక్కూ లేదు. ఆ పొట్టేలును నేనే కొన్నా. కొంటాండానని తెలీకుండా కొన్నా! అదీ అమ్మేటోడు అడిగినదానికంటే ఎక్కువకు బేరమాడి. మన ఉరవకొండలో ఇంత తెలివిగా బేరం చేసినోడు ఇంగొకడుంటే చూపించండి. టీ చెప్పండి, మొదటి నుంచి చెప్తా.

మా నాయన సంగతి మీకు తెలుసు. దలారి ఓబులేసంటే ఈ చుట్టుపక్కల సంతల్లో తెలీనోడు లేడు. ఎద్దులు గానీ, గొర్రెలు గానీ, అమ్మేవానికీ కొనేవానికీ మధ్యలో నిలబడి బేరం తెంచేది ఆయన పని. ఆ బేరం నోటితో జరగదు. చేతుల మీద తువ్వాల కప్పుకొని, లోపల వేళ్లు పట్టుకొని చెప్పుకుంటారు. ఏ వేలు పడితే ఎంత, ఏ గణుపు నొక్కితే ఎంత, అదంతా వాళ్ల లెక్క. పక్కన నిలబడినోనికి కూడా అంతు చిక్కదు. తువ్వాల కింద ఒకసారి ఖరారైందంటే ఇంగ మాట తప్పేది లేదు. కాయితం గీయితం ఏమీ ఉండదు.

ఇప్పుడాయనకు మతిమరుపు జబ్బు. డిమెన్షియా అని అనంతపురం డాక్టరు పేరు చెప్పినాడు. ఒకోసారి నేను కొడుకునని కూడా తెలీదు. "ఈ మీసాలోడు మనింట్లో యాల తిరుగుతాండాడు?" అని మా ఇంటామెను, సుజాతను అడుగుతాడు. పొద్దు వాలితే చాలు, గేటు పట్టుకొని ఊపుతాడు. "సంతకు పోవల్ల! గేటు తీయ్!" తీయకపోతే బూతులు. స్నానమంటే ఇంగా ఘోరం. నీళ్ల చెంబు చూస్తే కొట్టేకొస్తాడు. తువ్వాల ఆయన భుజం మీదే ఉంటాది, "నా తువ్వాల ఎత్తుకుపోయింది ఆ యమ్మ" అని సుజాత మీద పంచాయితీ!

డాక్టరు ఒకటే చెప్పినాడు. "ఆయనతో వాదించొద్దు. కాదు, లేదు అనొద్దు. ఆయన మనసు యాడుంటే మీరూ ఆడికే పోండి, మెల్లగా మాట మళ్లించండి." వినేకి బాగుండాది గానీ, చెంబు తీసుకొని నెత్తి మీద కొట్టేటోని మనసు యాడుండాదో యాడ వెతికేది?

ఐనా కనిపెట్టినా! నేనే. ఒకరోజు స్నానాల గది ముందర నా చొక్కా పట్టుకొని గుంజుతాండాడు. విడిపించుకుందామని చూస్తే ఆయన భుజం మీద తువ్వాల జారి మా ఇద్దరి చేతుల మీద పడింది. అంతే! టక్కున ఆగిపోయినాడు. తువ్వాల కింద నా చేయి వెతుక్కొని, వేళ్లు పట్టుకొని ఏందో నొక్కినాడు. నేనూ ఏదో ఒకటి నొక్కినా. తల ఊపి, "సరే, ఖరారు" అని తనంతట తానే స్నానానికి పోయినాడు. అప్పుడు చూడల్ల మీరు నన్ను! కాలిపోయిన బోరు మోటర్లను మళ్ళ తిప్పేటోణ్ని, మా నాయనను తిప్పలేనా?

ఆ రోజు నుంచి అన్నిటికీ తువ్వాలే. మాత్ర మింగల్లంటే తువ్వాల. అన్నం తినల్లంటే తువ్వాల. చొక్కా మార్చల్లంటే తువ్వాల. సుజాతకే అనుమానం. "ఇంతకీ నువ్వేం నొక్కుతాండావో నీకు తెలుసా?"

"ఏదో ఒకటి. గట్టిగా నొక్కితే ఆయనకు సంతోషం."

"ఆయన దాన్ని నిజం బేరమనుకుంటాండాడు. ఏం ఒప్పుకుంటాండావో ఏమో."

"నేనుండా కదా! నువ్వు గమ్మునుండు."

ఈ "నేనుండా కదా" అనేది గుర్తు పెట్టుకోండి. నా కొంప ముంచింది ఆ మాటే.

ఇంగ మా అక్క. బళ్లారిలో ఉంటాది, రుక్మిణక్క. పోయిన నెల నాయన నా కన్నుగప్పి బస్టాండు దాకా పోయినాడు. ఎవరో పుణ్యాత్ములు గుర్తుపట్టి తెచ్చి వదిలిపెట్టినారు. ఈ సంగతి అక్కకు తెలిసింది. ఫోన్లో ఒకటే ఏడుపు, ఒకటే తిట్లు. "నీతో కాదురా నాగా. ఆదివారం నేనొస్తాండా. ఆయన కుదురుగా ఉంటే సరే. లేదంటే నాతో పాటు తోల్కపోతా. నా ఇంట్లో పైన గది ఖాళీగా ఉండాది."

ఆయన తిట్టనీ, కొట్టనీ, పొద్దున లేస్తూనే ఆ దగ్గు వినపడకపోతే నాకు తోచదు. కొత్త ఊర్లో, మేడ మీద గదిలో ఆయన రెండు రోజుల్లో బిత్తరపోతాడు. ఆ సంగతి నాకు ఖాయంగా తెలుసు. ఐనా అక్కతో మాత్రం ధీమాగానే అంటి: "రాక్కా, వచ్చి చూడు. పసిపిల్లోని మాదిరి ఉంటాడు. నేనుండా కదా!"

ఆదివారం రానే వచ్చింది. ఆయనకు వారాలు తెలీవు, నెలలు తెలీవు. సంత రోజు మాత్రం ఒంటికెట్ల తెలుస్తాదో దేవునికే ఎరుక! తెల్లారినప్పటి నుంచి మొదలు. గేటు ఊపిన ఊపుడుకు గోడ కదిలింది. తువ్వాల వేసినా, పనికి రాలేదు. మాట మళ్లిద్దామని పోతే మోచేత్తో దవడ మీద ఒకటిచ్చినాడు. మధ్యాహ్నం బస్సుకు అక్క దిగుతాది. ఈ అవతారం చూసిందంటే కథ ముగిసినట్లే.

అప్పుడొచ్చింది నాకు మహా ఆలోచన. "డాక్టరేం చెప్పినాడు? ఆయన మనసు యాడుంటే ఆడికి పొమ్మన్నాడు. నిజంగానే సంతకు తోల్కపోతా. ఒక చుట్టు తిప్పి, టీ తాగించి, అక్క వచ్చేలోపల తెచ్చేస్తా."

సుజాత నెత్తి కొట్టుకునింది. "డాక్టరు చెప్పింది మనసుకు సంబంధించి. సంతకు పొమ్మని కాదు!"

"నీకు తెలీదు. నేనుండా కదా!"

సంతకు పోయినాం. చెప్తే నమ్మరు, ఆటో దిగుతూనే మనిషి మారిపోయినాడు. వంగిన నడుము నిక్కింది. పేడ వాసన పీల్చుకొని మీసం దువ్వినాడు. పాత మొహాలు ఒకరిద్దరు "ఓబులేసన్నా, బాగుండావా" అంటే, "ఊ, ఊ, వానలెట్లుండాయి మీ దిక్కు?" అని అడుగుతాండాడు! పేర్లు ఒకటీ తెలీదు ఆయనకు. ఐనా ఎవరికీ అనుమానం రాలేదు. నేను ఫోను తీసి ఫోటోల మీద ఫోటోలు. అక్కకు చూపించేకి.

అట్లే పోతాపోతా ఒక పొట్టేలు కాడ ఆగిపోయినాడు. కొమ్ములు తిరిగి, మెడలో గంటతో, మంచి ఎత్తుండాది. దాన్ని అమ్మేటాయన గుమ్మఘట్ట నుంచి వచ్చినాడంట, తిప్పేస్వామి అని, తెలుగు సగం కన్నడ సగం. నాయన గబుక్కున పొట్టేలు దవడ పట్టి, నోరు తెరిచి పండ్లు చూసినాడు. "కొనే బేరగాడు యాడ?" అన్నాడు. బేరగాడు లేడు. "యాడ పోయినాడు? సరుకు పెట్టుకొని ఆటలాడతాండారా?" గొంతు లేచింది. చేతిలో కర్ర లేచింది. చుట్టూ జనం చూస్తాండారు. ఇప్పుడు ఎవరినైనా కొట్టినాడంటే?

నాకు తెలిసిన మందు ఒకటే కదా. ముందుకు పోయి, ఆయన భుజం మీది తువ్వాల తీసి చేతుల మీద కప్పి, "ఇదో నాయనా, బేరం" అంటి.

కర్ర దిగింది. ముందు నాయన తిప్పేస్వామి చేయి పట్టినాడు తువ్వాల కింద. ఆయప్ప కూడా పాతకాలం మనిషే, ఏందో చెప్పినాడు. మళ్ళ నాయన నా కాడికొచ్చి నా చేయి పట్టినాడు. నేను ఇంట్లో నొక్కినట్లే నొక్కినా. బాగా గట్టిగా, ప్రేమగా. నాయన కండ్లు పెద్దవైనాయి. "మళ్ళ చెప్పు" అన్నాడు. ఇంగా గట్టిగా నొక్కినా. నన్నొక తూరి కింది నుంచి పైకి చూసినాడు. పోయి తిప్పేస్వామి చేయి పట్టినాడు. తిప్పేస్వామి ఉలిక్కిపడి, "సాకు సాకు!" అని చేయి వెనక్కు లాక్కున్నాడు. చాలు చాలు అని. నాయన రెండు అరచేతులూ చరిచి అరిచినాడు: "ఖరారు!"

తిప్పేస్వామి నా కాడికొచ్చి గుసగుసగా, "ఏమప్పా, నేను అడిగినదానికంటే పైన ఇచ్చినావు. పొట్టేలంటే అంత ఇష్టమా?" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, నేను పొట్టేలు కొన్నానని!

"అయ్యో లేదన్నా, మా నాయనకు బాగలేదు. మతి నిలకడగా లేదు. ఏదో ఊరికే..." అని ఆయప్పను పక్కకు తీసుకపోయి చెప్పినా. మంచి మనిషి. విన్నాడు. "దానికేముండాదిలే, వదిలేయప్పా" అన్నాడు.

ఆ "వదిలేయ్" అనేది నాయన చెవిలో పడింది.

చూడండి, కొట్టేకొస్తాడనుకుంటి. కొట్టలేదు. నా ముందరికొచ్చి నిలబడినాడు. "తువ్వాల కింద మాటిచ్చి తప్పుతావా? నా చేయి మీద ఇంతవరకూ ఒక్క బేరం తప్పలేదు. సంతలో నా మొహం ఎట్ల చూపించేది? ఎవుని కొడుకువిరా నువ్వు?"

జనమంతా నన్నే చూస్తాండారు. నాకు నవ్వొస్తాది, ఏడుపూ వస్తాది.

"ఓబులేసు కొడుకును" అంటి.

"యా ఓబులేసు? దలారి ఓబులేసా?"

"ఊ."

నా మొహంలోకి చూసినాడు. మళ్ళ తిప్పేస్వామి దిక్కు తిరిగి చెప్పినాడు: "ఐతే తప్పడులే. తాడు ఈనికియ్యి."

ఇంగ కొనకుండా ఎట్లుండేది చెప్పండి? ఫోన్లోనే దుడ్లు కొట్టినా. తిప్పేస్వామి తాను మొదట అడిగినదే తీసుకున్నాడు, నేను నొక్కిన నొక్కుడుకు కాదు. వెళ్తావెళ్తా మా నాయన కాళ్లకు దండం పెట్టినాడు. ఆయప్ప ఇల్లు సల్లగుండ.

ఆటోలో ముగ్గురం. ఒక పక్క నేను, ఒక పక్క నాయన, మధ్యలో పొట్టేలు. ఆటోవాడు మనిషికింత అని పొట్టేలుకు కూడా అడిగినాడు. ఇంటి ముందర దిగేసరికి గేటు కాడ ఎవరు? అక్క! బస్సు ఆరోజే తొందరగా రావల్లనా? తల్లో మల్లెపూలు, చేతిలో నాయనకు అరటిపండ్లు. పొట్టేలు ఒక్క గుంజు గుంజింది, తాడు నా చేతిలోంచి జారింది. పూలా పండ్లా అని అది ఆలోచించినట్లే లేదు. పండ్ల సంచి మీదికి నేరుగా దూకింది. అక్క వీధిలోకి పరుగు, వెనకాల పొట్టేలు, దాని వెనకాల నేను. నాయన మాత్రం గేటు కాడ నిలబడి, "కొమ్ములు పట్టు! కొమ్ములు పట్టరా, తోక కాదు!" అని అరుస్తాండాడు.

పొట్టేలును వేపచెట్టుకు కట్టేసినాంక మొదలైంది అసలు కొట్లాట. అక్కకు రొప్పు తగ్గలేదు.

"జబ్బు మనిషిని సంతకు తీసుకపోతావా? తప్పిపోతే?"

"తప్పిపోలేదు కదా! నేనుండా కదా!"

"నువ్వుంటేనే భయంగా ఉండాది! పసిపిల్లోని మాదిరి ఉంటాడంటివి, పొట్టేలుతో వస్తివి. చాలురా. నాయనను రేపే తోల్కపోతా."

"ఎట్ల తోల్కపోతావో చూస్తా!"

అరుపులు పెరిగినాయి. నాయనకు ఇంట్లో అరుపులంటే పడదు, మామూలుగా ఐతే ఏదో ఒకటి విసిరేస్తాడు. సుజాత ముందుజాగ్రత్తగా చెంబు దాచిపెట్టింది. ఐతే ఆయన మెల్లగా లేచి, తువ్వాల దులిపి, మా ఇద్దరి మధ్యలోకి వచ్చి నిలబడినాడు.

"అరిస్తే బేరం తెగదు. చేతులియ్యండి. ఏం సరుకు?"

అక్క నా దిక్కు చూసింది. మెల్లగా చెప్పింది: "ముసలి ఎద్దు నాయనా."

"ముసలిదా? సేద్యం చేస్తాదా?"

"చేయదు."

"తంతాదా?"

నా దవడ ఇంగా సలుపుతాండాది. "అప్పుడప్పుడూ తంతాది" అంటి.

"అట్లాంటిదానికా ఇంత కొట్లాట? ఏం చేసుకుంటారు దాన్ని?"

అక్కకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. "మాకు కావల్ల నాయనా. ఇద్దరికీ కావల్ల."

ఆయన తల ఊపినాడు. ముందు అక్క చేయి పట్టినాడు తువ్వాల కింద. అక్కకు ఆ లెక్క తెలుసు. చిన్నప్పుడు ఆయన భుజాలెక్కి సంతకు పోయేది, అట్ల నేర్చుకునింది. నేను రేడియోలు విప్పుకుంటా ఇంట్లో కూర్చునేటోణ్ని. అక్క గుప్పిటంతా పట్టి నొక్కింది. ఎంతైనా ఇస్తానని చెప్పిందంట, తర్వాత చెప్పింది నాకు. మళ్ళ నాయన నా చేయి పట్టినాడు.

చూడండి, ఇన్నాళ్లూ ఏది పడితే అది నొక్కినోణ్ని, ఆ పూట నా చేయి కదల్లేదు. తప్పు నొక్కితే? నాయన పోతాడు కదా! పొట్టేలైతే ఇంటికొచ్చింది, ఇది ఇంట్లోంచి పోయే బేరం. భయమేసింది. ఏమీ నొక్కకుండా ఊరికే ఆయన చేయి పట్టుకొని నిలబడిపోయినా. ఆయన ఎదురు చూసినాడు. నేను పట్టు వదల్లేదు.

ఆఖరికి తువ్వాల తీసి భుజం మీద వేసుకున్నాడు. అక్కతో చెప్పినాడు: "దుడ్లెక్కువ నువ్వే ఇస్తాండావు తల్లీ. ఐనా వద్దు. ముసలి ఎద్దును కొట్టం మార్చకూడదు. కొత్త కొట్టంలో మేత ముట్టదు, బెంగతో పోతాది. ఈన కాడే ఉండనీ. ఈన ఓబులేసు కొడుకంట, మాట తప్పడు. నువ్వు వచ్చి చూసుకొని పోతాండు." అరచేతులు చరిచినాడు. "ఖరారు!"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది. నేను పొట్టేలు పక్కన కూలబడి ఏడ్చినా. సిగ్గేముండాది చెప్పేకి? పొట్టేలు నా చొక్కా గుండీ ఒకటి తినేసింది.

అక్క మొహం కడుక్కొని బయటికొచ్చి, "తువ్వాల కింద ఐపోయింది కదా, ఇంగ నేనేం మాట్లాడేది. ఇంగో రెండు రోజులుండి, మిమ్మల్ని చూసుకొని పోతా" అనింది. పొద్దు వాలింది. నాయన గేటు కాడికి పోలేదు! సంత ఐపోయింది, సరుకు ఇంటికొచ్చింది, ఇంగ యాడికి పోవల్ల? పొట్టేలు పక్కన మంచం వేసుకొని, దాని పండ్లు చూస్తా కూర్చున్నాడు. అక్క అదంతా చూస్తాండాది. నాకు చూడండి, ఎక్కడలేని గర్వమొచ్చింది. "చూసినావా అక్కా? ఎట్ల సంభాళిస్తాండానో? నేనుండా కదా!"

అప్పుడే నాయన నన్ను పిలిచినాడు. "ఏమప్పా, బేరం తెంచినా కదా. నా దలాలి యాడ?"

నేను మంచి ఊపు మీదుండా. "ఏం కావల్లంటే అది ఇస్తా నాయనా, అడుగు!"

చెవి కాడికి వంగి, అక్కకు కూడా వినపడేటట్లు చెప్పినాడు: "నీళ్లు పోసుకోమని అడగొద్దు." అని తువ్వాల అరకొరగా కప్పి, నా వేలు ఒకటి పట్టుకున్నాడు; అక్క దిక్కుకు మా వేళ్లు కనపడతానే ఉండాయి. ఇంతేనా అనుకొని, సంతోషం పట్టలేక, ఆయన చేయి గట్టిగా, ప్రేమగా, ఎప్పటి మాదిరే నొక్కినా.

"ఖరారు!"

అక్క ఒకటే నవ్వు. నవ్వి నవ్వి మెట్ల మీద కూలబడింది. "ఏమక్కా?" అంటే మాట రాదు ఆ యమ్మకు. ఆఖరికి చెప్పింది: "ఆయన ఒక్కరోజు అడిగినాడురా. నువ్వు వారమిచ్చినావు!"

సుజాత ఆ మాట విని చెంబు బయటికి తెచ్చింది, నా నెత్తిన కొట్టేకి.

అదీ సంగతి. మొన్నటి నుంచి మా ఇంట్లో పొట్టేలుకూ స్నానం లేదు, నాయనకూ లేదు. అడిగేకి నాకు నోరు లేదు, ఓబులేసు కొడుకును కదా. ఈ వారం మా ఇంటి దిక్కు ఎవరూ రావద్దండి, వచ్చినా గాలికి ఎదురుగా నిలబడొద్దండి. ఇంగ ఈ టీలకు ఎవరిస్తారో నోటితోనే తేల్చుకోండప్పా. నా చేతులు మాత్రం జేబుల్లోంచి బయటికి రావు.